ఏడు గదుల దగ్గు

ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. మా ఇంట్లో ఆ లెక్క చాలదు. మా ఆయన ఒక మాటంటే నేను రెండంటాను, ఆయన ఊరుకుంటాడు. మా వదిన ఒక మాటంటే ఇద్దరమూ నోరు మూసుకుంటాం. పెళ్లయి ఇరవై ఎనిమిదేళ్లయినా ఈ ఏర్పాటులో ఏ మార్పూ రాలేదు.

వదిన తాపీ మేస్త్రి. ఆడవాళ్లు ఇటుకలు మోయాలి, ఇసుక జల్లించాలి, మాలు కలిపి అందించాలి, గోడ మాత్రం మగవాళ్లే కట్టాలి అని అందరూ అనుకునే రోజుల్లోనే ఆమె తాపీ చేతబట్టింది. సైటులో కూలీల నుంచి ఇంజనీరు దాకా 'మేస్త్రమ్మా' అనే పిలుస్తారు. మనిషి మాత్రం ఇంతే ఉంటుంది. నిలబడితే నా భుజం దాటదు. మా ఆయనేమో ఏ గుమ్మంలోకైనా తల వంచి రావలసిన మనిషి. ఇద్దరినీ పక్కపక్కన చూసినవాళ్లు "సొంత అక్కాతమ్ముళ్లేనా?" అని అడక్కుండా ఉండరు. "నా వాటా ఎత్తు కూడా వీడే పెరిగేశాడు లెండి" అనేది వదిన. అందరం నవ్వేవాళ్లం. నేనూ నవ్వాను, ఎన్నోసార్లు. అందులో నవ్వవలసిందేమీ లేదని నాకు తెలిసింది కిందటేడే.

ఆమె విడిగా గది తీసుకుని ఒక్కతే ఉంటుంది, పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగితే "ఖాళీ దొరకలేదు" అంటుంది. అసలు కారణం దగ్గు. చిన్నప్పటి నుంచీ ఆమె గుండెల్లో పిల్లికూతలు. బడిలో వెనక బెంచీవాళ్లు మ్యావ్ మ్యావ్ అని ఏడిపిస్తే పలకతో ఒకడి నెత్తి పగలగొట్టిందట. పలకా పోయింది, బడీ పోయింది. "పోతే పోయింది గానీ, ఆ తరవాత ఎవడూ మ్యావ్ అనలేదు" అని ఇప్పటికీ గర్వంగా చెబుతుంది.

నేను కాపరానికొచ్చిన మొదటి వారంలోనే అత్తగారు నన్ను పక్కకు పిలిచి, తలుపు దగ్గరగా వేసి చెప్పింది. "అమ్మాయ్, మన వంశంలో దగ్గుంది. మీ మావగారికీ ఉంది, నాకూ ఉంది, పెద్దదానికి పుట్టుకతోనే ఉంది. బయట అనకు. చిన్నదానికింకా సంబంధం కుదరాలి." నేను బుద్ధిగా తలూపాను. వంశంలో ఉన్న దగ్గు, ఆ ఇంటికి నాలాగే కోడలిగా వచ్చిన అత్తగారికెలా అంటుకుందని అడిగే తెలివి నాకప్పుడు లేదు. తరవాత కూడా చాలా ఏళ్లు రాలేదు.

మాది మొదటి నుంచీ వేరు కాపరం. అత్తమామలు ఉండేది లాండ్రీ వెనక. ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ల తువ్వాళ్లు బస్తాల కొద్దీ వచ్చే పెద్ద లాండ్రీ అది. దాని వెనక గోడకి ఆనించి పనివాళ్ల కోసం ఏడు గదుల వరస ఉంది. ఒక్కో గదికి ఒక్కో తలుపు. కిటికీ లేదు. వెనక గోడకి అవతల రోజంతా నీళ్లు మరుగుతాయి, బట్టలు నానుతాయి, వాడిన నీళ్లు గోడ మొదట్లో ఉన్న కాలవలోంచి పోతాయి. మావగారు బాయిలరు దగ్గర పనిచేసేవాడు కాబట్టి గది ఇచ్చారు. పని ఉన్నన్నాళ్లే గది. ఆయన దగ్గుతూ పోయాడు, అత్తగారూ అలాగే పోయింది. ఇప్పుడు మా చిన్నాడపడుచు అక్కడే ఇస్త్రీ పని చేస్తుంది కాబట్టి గది ఆమెకి వచ్చింది. ఆమె, కొడుకు, కోడలు, అయిదేళ్ల మనవరాలు. ఆ పిల్లని మేం పిచ్చుక అంటాం. సన్నగా, చురుగ్గా ఉంటుంది. నాలుగడుగులు పరిగెడితే నిలబడి ఎగపీలుస్తుంది.

ఆ గదిలో దగ్గుకి మర్యాదలుండేవి. తువ్వాలు మడతలో దగ్గాలి. చుట్టాలొస్తే కుళాయి తిప్పి బకెట్టులో నీళ్లు పడుతుండగా దగ్గాలి. సంబంధం చూసుకోడానికి ఎవరైనా వచ్చిన రోజున అసలు దగ్గనే కూడదు. వదిన అలాంటి ఒకరోజు ఊపిరి బిగబట్టి, బిగబట్టి కళ్లు తిరిగి పడిపోయిందట. "దానికి మూర్ఛ ఉంది కాబోలు" అనుకుని వచ్చినవాళ్లు లేచి వెళ్లిపోయారు.

కిందటేడు వానలు మొదలైనప్పుడు వదిన ఒక్క అంతస్తు పరంజా ఎక్కడానికి మూడుసార్లు కూర్చుంది. నాలుగోసారి లేవలేకపోయింది. సైటువాళ్లు ఫోన్ చేస్తే నేనూ మా ఆయనా వెళ్లి, బతిమాలి, తిట్లు తిని, ఛాతీ ఆసుపత్రికి తీసుకెళ్లాం. డాక్టరమ్మ చిన్నవయసుది. విసుక్కోకుండా అన్నీ అడిగింది.

"పొగ తాగే అలవాటుందా?"

"పొయ్యి పొగ తప్ప వేరే పొగ ఎరగను."

"పనిలో దుమ్ము?"

"ముప్పై ఏళ్లుగా సిమెంటు పని. మూతికి గుడ్డ కట్టుకునే చేస్తాను."

ఒక గొట్టం ఇచ్చి గట్టిగా ఊదమంది. వదిన మూడుసార్లు ఊదింది. మెడ నరాలు పొంగేలా ఊదింది. డాక్టరమ్మ కాగితం చూసి, "ఉండాల్సిన దాంట్లో సగమే ఉందమ్మా" అంది.

మా ఆయన సాయం చేద్దామనుకున్నాడు పాపం. "మా వంశంలోనే ఉందండీ ఇది" అన్నాడు.

వదిన గిరుక్కున తిరిగింది. "వంశంలో ఉంటే నువ్వెందుకు దగ్గవురా?"

అది కోపంలో అన్న మాట. కానీ డాక్టరమ్మ రాయడం ఆపేసింది. "ఈయన మీ సొంత తమ్ముడా? ఏదీ, మీరూ ఒకసారి ఊదండి." మా ఆయన మొహమాటపడుతూనే ఊదాడు. ఆమె కాగితం చూసి, మళ్లీ ఊదించి, మళ్లీ చూసింది. "మీకు ఉండాల్సిన దానికన్నా కాస్త ఎక్కువే ఉంది. ఇద్దరూ ఒకే ఇంట్లో పెరిగారా?"

 మా ఆయనే చెప్పాడు, నేల చూస్తూ. తనకి మూడేళ్లప్పుడు పెద్దమ్మ వచ్చిందని, పిల్లల్లేని మనిషని, ఒకర్ని పెంచుకుంటానని అడిగిందని. పెద్దమ్మ భర్త ఒక ఆఫీసులో కాపలా ఉద్యోగి. వాళ్లుండేది మేడమీద గదిలో. రెండు కిటికీలు, పొద్దున్నుంచీ ఎండ, రోజూ గ్లాసెడు పాలు, గుడ్డు. ఇద్దరు పిల్లల్లో మగపిల్లాణ్ణి పంపారు. ఆరేళ్ల ఆడపిల్లని ఉంచుకున్నారు, ఎందుకంటే తడి దుప్పట్లు మడత పెట్టేటప్పుడు అమ్మకి అవతల కొస పట్టుకునే మనిషి కావాలి. తరవాత చిన్నది పుట్టింది, దాన్ని ఎత్తుకునే మనిషి కావాలి. ఆ మనిషి అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలింది తిని, గదిలో మిగిలిన చోట పడుకునేది. మిగిలిన చోటంటే వెనక గోడ పక్కన.

డాక్టరమ్మ చెప్పింది నాకు మాట మాటా గుర్తుంది. "ఊపిరితిత్తులు పుట్టినప్పుడే పూర్తిగా తయారై రావమ్మా. ఇరవై, ఇరవై రెండేళ్ల దాకా పెరుగుతూనే ఉంటాయి. అన్నాళ్లూ తిండి, గాలి, పడుకునే చోటు బాగుంటే పూర్తిగా పెరుగుతాయి. లేకపోతే తక్కువలోనే ఆగిపోతాయి. ఆ తరవాత ఏ మందూ వాటిని పెంచలేదు. సిమెంటు దుమ్ము కూడా దెబ్బ తీసింది, కాదనను. కానీ మొదటి దెబ్బ మీరు చిన్నపిల్లగా ఉన్నప్పుడే పడింది. మీరు ఎత్తు ఎదగకపోవడం కూడా అందులో భాగమే అయ్యుండొచ్చు."

నేను మా ఆయన వైపు చూడలేకపోయాను. వదిన మాత్రం ఒక్కటే అడిగింది. "అయిదేళ్ల పిల్లకైతే?"

"అయిదేళ్లా? ఇంకా పదిహేనేళ్లుంది. ఎంత తొందరగా చెమ్మలోంచి బయటపడితే అంత మంచిది."

మరుసటి వారం నా చేత పిచ్చుకని తెప్పించి, నన్నూ వెంటబెట్టుకుని వదినే తీసుకెళ్లి ఊదించింది. ఆ పిల్ల ఆటనుకుని నవ్వుతూ ఊదింది. కాగితం చూసిన డాక్టరమ్మ నవ్వలేదు.

తిరిగొచ్చేటప్పుడు బస్టాపులో నేను నోరు జారాను. "పిచ్చుకని మా ఇంటికి తెచ్చేసుకుంటాను వదినా. మా ఇంట్లో ఎండొస్తుంది. మా పిల్లలు పెద్దవాళ్లయిపోయారు. దాన్ని నేను పెంచుతాను." మంచిమాటే అన్నాననుకున్నాను.

"మా పెద్దమ్మ కూడా ఇదే మాటంది" అంది వదిన. "ఒకణ్ణి ఒడ్డున పడేసింది. వాడు బాగున్నాడు, నాకు సంతోషమే. మరి మిగతావాళ్ల సంగతేంటి? రేపు దీనికో చెల్లెలు పుడుతుంది. దాన్నెవరింటికి పంపుతావే? ఒక్కర్ని లాగేసి గోడని అలాగే ఉంచే తెలివి మనింట్లో ఒకసారి చూశాం. ఇక చాలు."

అప్పుడే నాకు ఇంకో సంగతి కూడా చెప్పింది. పిచ్చుక నా ఒళ్లో నిద్రపోయింది. మేం ఎక్కవలసిన బస్సులు రెండు వెళ్లిపోయాయి.

తను మేస్త్రి అయిన కొత్తలో, ఇరవై నాలుగేళ్ల వయసులో, సొంతంగా చేసిన మొదటి పని ఆ వెనక గోడేనట. అప్పటికి గోడ మోకాలెత్తు దాకా పెచ్చులూడి, ఉప్పు తేలి, బూజు పట్టి ఉండేది. అమ్మ సుఖపడాలని వదిన ఒక బస్తా సిమెంటు తెచ్చి, ఒక సెలవు రోజంతా కష్టపడి గోడంతా నున్నగా పూసేసింది. అత్తగారు ఆ గోడకి చెంప ఆనించి ఏడ్చిందట. వరసలో మిగతా ఆరు గదులవాళ్లూ వచ్చి చూసి, తామూ అలాగే చేయించుకున్నారు. రెండేళ్లు అందంగానే ఉంది.

"అది సున్నంతో కట్టిన పాత ఇటుక గోడ. అలాంటి గోడ తడి పీలుస్తుంది, మళ్లీ బయటికి వదిలేస్తుంది. మీద సిమెంటు కొట్టామనుకో, వదలడానికి దారుండదు. తడి లోపల్లోపలే పైకి పాకుతుంది. మోకాలి దాకా ఉన్న చెమ్మని నేను కప్పు దాకా ఎక్కించాను. పెచ్చు లేచినప్పుడల్లా వెళ్లి మళ్లీ పూశాను. మూడుసార్లు."

పదేళ్ల తరవాత ఎక్కడో పాత భవనం మరమ్మతు చేస్తుంటే ఒక ముసలి సున్నం మేస్త్రి ఆమెకీ సంగతి చెప్పాడట. ఆ రోజు నుంచి ఆమె ఆ గది గడప తొక్కలేదు. ఎందుకు తొక్కలేదో మాకెవరికీ తెలియదు. 'నాలుగు మేడలు కట్టేసరికి చెల్లెలి గది కంటికి ఆనడం లేదు' అని నేనే ఆవిడ వెనకాల అన్నాను. ఆ మాట గుర్తొచ్చి నాలిక కొరుక్కున్నాను.

"అప్పటికి నాకు ఇరవై నాలుగు. నావి అప్పటికే ఆగిపోయుంటాయి" అంది వదిన. "చెల్లికి పద్నాలుగు. దానివింకా పెరుగుతున్నాయి. దాని ఊపిరి మీద మూత పెట్టింది నేనేనే."

 నీ తప్పేముంది వదినా అనబోయాను గానీ, అలాంటి మాటలు ఆవిడకి అరగవు.

లాండ్రీకి వారంలో ఒకరోజు సెలవు. ఆ రోజు పొద్దున్నే వదిన సుత్తి, ఉలి, పార సంచిలో వేసుకుని బయల్దేరింది. మేమిద్దరం వెంట వెళ్లాం. చిన్నాడపడుచు గుమ్మానికి అడ్డంగా నిలబడింది. మాటల్లో ఆమె కూడా తక్కువ తినలేదు, ఆ ఇంటి పిల్లే కదా.

"ఇన్నేళ్లకి గుర్తొచ్చామా అక్కా? రాగానే గోడ పగలగొడతానంటావా? వంశంలో ఉన్న రోగానికి గోడనేం చేసుకుంటాం? లాండ్రీవాళ్లు గది ఖాళీ చెయ్యమంటే ఈ పిల్లని ఎక్కడ పడుకోబెట్టను, నీ పరంజా మీదా?"

డాక్టరమ్మ చెప్పిందంతా మా ఆయన విడమరిచి చెప్పాడు. ఆమె వినలేదు. వినకపోవడానికి కారణం నాకు ఆమె మొహంలోనే కనపడింది. వంశమైతే ఎవరి తప్పూ కాదు. గోడ అయితే, ఆ గోడ పక్కనే ఆమె కొడుకుని పడుకోబెట్టింది, ఇప్పుడు మనవరాలిని పడుకోబెడుతోంది. ఏ తల్లి ఒప్పుకుంటుంది?

వదిన వాదించలేదు. సంచి గుమ్మంలో పెట్టేసి వసారాలోకి నడిచింది. సెలవు కాబట్టి ఏడు గదులవాళ్లూ బయటే ఉన్నారు. ఒకరు పప్పు ఏరుతున్నారు, ఒకరు పిల్ల తల దువ్వుతున్నారు. వదిన వాళ్ల మధ్య నిలబడి మూతికి కట్టుకున్న గుడ్డ విప్పేసింది. తువ్వాలు అడ్డం పెట్టుకోకుండా, మొహం పక్కకి తిప్పుకోకుండా, నడుం మీద చేతులు పెట్టుకుని దగ్గింది. మొదలుపెడితే ఆ దగ్గు ఓ పట్టాన ఆగదు. పప్పు ఏరే చేతులు ఆగిపోయాయి. చిన్నాడపడుచు సిగ్గుతో "అక్కా, లోపలికి రా!" అని పిలిచింది.

"ఇదీ మా ఇంటి దగ్గు" అంది వదిన, కళ్లనీళ్లు తుడుచుకుని. "యాభై ఏళ్లు దాచుకున్నాం. మీ ఇళ్లలో దగ్గు ఎలా ఉంటుందో చెప్పండి."

"మా ఇంట్లో దగ్గేంటి!" అని ముగ్గురు ఒక్కసారే లేచారు. వదిన కదల్లేదు. నాలుగో గదిలో ఉండే ఇస్త్రీ ముసలామె చేతిలో చేట కింద పెట్టింది.

"మా అత్తగారి వైపు నుంచి వచ్చిందమ్మా మాకు. ఎవరికీ చెప్పలేదు. దగ్గొస్తే రేడియో సౌండు పెంచుతాం."

ఆ ఒక్క మాటతో దాపరికం కట్ట తెగింది. రెండో గదామె తమది మావగారి తండ్రి నుంచి వచ్చిందని చెప్పింది. దగ్గొచ్చినప్పుడల్లా పిల్లలమీద కేకలేస్తూ అందులో కలిపేస్తుందట. అయిదో గదివాళ్లది మేనరికం వల్ల. ఏడో గదివాళ్లది ఎవరిదో శాపం వల్ల. ఆరో గదిలో కొత్త కోడలు ఒకత్తి ఉంది, వచ్చి ఎనిమిది నెలలైంది. "నాకు ఇక్కడికొచ్చిన నాలుగు నెలలకి మొదలైంది. పుట్టింటి రోగం దాచి అంటగట్టారని అత్తయ్య రోజూ తిడుతోంది" అంది. ఆ అత్తయ్య పక్కనే ఉంది. గోడకేసి తిరిగి గబగబా పప్పు ఏరడం మొదలుపెట్టింది.

ఏడు గదులు, ఏడు ఇంటిపేర్లు, ఒకరికొకరు చుట్టరికం లేదు. యాభై ఏళ్లుగా ఒకే దగ్గు దగ్గుతూ, ఎవరి వంశాన్ని వాళ్లు తిట్టుకుంటూ, పక్కింటికి వినపడకుండా జాగ్రత్తపడ్డారు. పక్కింట్లోనూ అదే జాగ్రత్త! సంబంధాలు చెడిపోతాయన్న భయంతో ఎవరి నోరు వాళ్లే కుట్టేసుకున్నారు. లాండ్రీవాళ్లకి కాపలా కూడా అక్కర్లేకపోయింది. నాకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. ఎవరినైనా కొట్టాలనిపించింది.

కొట్టడానికి తగిన మనిషి సమయానికే వచ్చాడు. చొక్కా ఎప్పుడూ ఫెళఫెళలాడుతుండటం వల్ల అందరూ ఆయన్ని గంజి మేనేజరు అంటారు. గోడ పగలగొడుతున్నారని ఎవరో చేరేసినట్టున్నారు. "గోడ ముట్టుకుంటే సాయంత్రానికల్లా గది ఖాళీ చెయ్యాలి" అంటూనే వచ్చాడు. వసారాలో జనాన్ని చూశాడు. ఏడు గదుల ఆడవాళ్లూ ఏడు గదుల సంగతీ ఒకేసారి చెప్పడం మొదలుపెట్టారు. ఆయన తెలివైనవాడు. రెండు నిమిషాల్లో గొంతు మార్చాడు.

"సరే, సరే. మాకు మాత్రం మీమీద జాలి లేదా? వచ్చే వారం పైనుంచి తనిఖీకి వస్తున్నారు, ఎలాగూ గోడలు బాగు చేయించాల్సిందే. మేస్త్రమ్మా, నీ పనితనం నాకు తెలుసు. ఏడు గదులకీ నువ్వే సిమెంటు పూత వెయ్యి. వారంలో నున్నగా అయిపోవాలి. ఎవరూ గది ఖాళీ చెయ్యక్కర్లేదు."

అందరి మొహాలూ వెలిగాయి. చిన్నాడపడుచు గబగబా వచ్చి వదిన చెయ్యి పట్టుకుంది. "చూశావా అక్కా, ఒప్పుకున్నారు! నువ్వే చెయ్యి. ఇంక గొడవొద్దు."

అవునంటే చాలు, ఆ క్షణాన అందరికీ దేవతైపోయేది. గదులు నిలిచేవి, గోడలు మెరిసేవి, చెల్లెలితో ఇరవై రెండేళ్ల ఎడం తీరిపోయేది. వదిన చెల్లెలి చెయ్యి విడిపించుకుంది.

"ఆ పని ఒకసారి చేశాను సార్" అంది. వసారా మొత్తానికి వినపడేలా అంది. "ఈ గోడకి ముప్పై రెండేళ్ల కింద సిమెంటు పూసింది నేనే. నన్ను చూసే వీళ్లంతా పూయించుకున్నారు. దానివల్ల చెమ్మ ఆరలేదు, కనపడకుండా పోయింది. కనపడకుండా పైకెక్కింది. అది తప్పని తెలిశాక ఈ గడప తొక్కడానికి నాకు మొహం చెల్లలేదు. చెల్లీ, నిన్ను నాశనం చేసింది మన వంశం కాదే. సగం వీళ్ల కాలవ, సగం నా తాపీ. మళ్లీ ఆ మూత పెట్టడానికి నా చేతులు రావు. అవతల కాలవ గోడకి దూరంగా జరపండి. ఈ సిమెంటంతా చెక్కేసి, గోడ ఆరాక, నానబెట్టిన సున్నంతో నేనే పూస్తాను. అప్పటిదాకా గోడ ఇలాగే అసహ్యంగా ఉంటుంది. తనిఖీవాళ్లు చూస్తే చూడనివ్వండి."

మేనేజరు ఏదో అనబోయాడు. ఎవరూ ఆయన వైపు చూడటం లేదు. అందరూ చిన్నాడపడుచునే చూస్తున్నారు. ఆమె మొహం పాలిపోయింది. అక్కని కొడుతుందేమోనని నేను ఒకడుగు ముందుకేశాను.

"నువ్వు ఆ గోడ పూసిన రోజు నాకు గుర్తుందక్కా" అంది ఆమె, చాలా చిన్నగా. "నాకు పద్నాలుగేళ్లు. ఆ రోజు వరకూ ఆ ఇంట్లో నా కోసం ఎవరూ ఏ పనీ చెయ్యలేదు. ఆ రోజు నువ్వు చేశావు. నేను ఆ గోడకే ఆనుకుని పడుకున్నాను, మా అక్క పూసిందని."

వదిన విప్పిన మూతిగుడ్డతోనే కళ్లు ఒత్తుకుంది.

చిన్నాడపడుచు వంగి, గుమ్మంలో ఉన్న సంచిలోంచి సుత్తి తీసింది. "ఈ గది నా పేరన ఉంది. మొదటి దెబ్బ నాదే" అని లోపలికి నడిచింది. ఆమెకి ఉలి ఎలా పట్టుకోవాలో కూడా తెలియదు. ఉత్త సుత్తితోనే బాదింది. ఒకప్పుడు అద్దంలా ఉన్న పూత జానెడు మేర ఊడి కింద పడింది. వెనక ఇటుకలు నల్లగా ఉన్నాయి, చెయ్యి పెడితే తడి అంటింది. పక్కగదామె చూసి, తన గదిలోకి వెళ్లి రోకలి తెచ్చుకుంది. మధ్యాహ్నానికల్లా ఏడు గదుల్లోనూ దెబ్బలు వినిపించాయి. మేనేజరు ఎప్పుడు వెళ్లిపోయాడో ఎవరూ చూడలేదు.

మర్నాడు ఆ ఏడు గదుల నుంచి ఒక్కరూ పనిలోకి వెళ్లలేదు. రెండు రోజులు లాండ్రీవాళ్లు బెదిరించారు. మూడో రోజుకి ఆసుపత్రుల నుంచి దుప్పట్లేవని ఫోన్లు మొదలయ్యాయి. నాలుగో రోజు కాలవ తవ్వడానికి మనుషులొచ్చారు. మొదలుపెట్టిన పదకొండో రోజుకి వాడిన నీళ్లు గోడకి దూరంగా, గొట్టంలో పోవడం మొదలైంది. వీధివైపు గోడలో ఒక్కో గదికి ఒక్కో కిటికీ కూడా పెట్టించుకునే వరకూ మా చిన్నాడపడుచు ఇస్త్రీ పెట్టె ముట్టుకోలేదు. గోడలు ఆరడానికి ఎండాకాలం దాకా పట్టింది. అన్నాళ్లూ పిచ్చుకా, వాళ్లమ్మా మా ఇంట్లోనే పడుకున్నారు. వదిన ఏడు గదులకీ తన చేత్తోనే సున్నం పూసింది, నాలుగు తాపీల మాలు వేయడం, కాసేపు కూర్చోవడం, మళ్లీ లేవడం. సాయం చేస్తామంటే ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు.

మొన్న పిచ్చుకని మళ్లీ ఊదించాం. డాక్టరమ్మ పాత కాగితం, కొత్త కాగితం పక్కపక్కన పెట్టుకుని, "పెరుగుతున్నాయి. ఇలాగే ఉంటే దాదాపు అందరు పిల్లల్లాగే ఎదుగుతుంది" అంది. వదిననీ ఊదమంది. ఊదింది. ఏమీ మారలేదు. "మీకు ఉన్నది కాపాడుకోవాలంతేనమ్మా" అంది డాక్టరమ్మ నెమ్మదిగా. వదిన తెలుసన్నట్టు తలూపి బయటికొచ్చి మెట్లమీద కూర్చుంది. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను.

"ఏడుస్తున్నావా వదినా?"

"ఏడుపెందుకే? ఒళ్లు మండుతోంది. ఆ కాలవ జరపడానికి ఎన్నాళ్లు పట్టింది?"

"పదకొండు రోజులు."

"పదకొండు రోజులు. మా నాన్న, మా అమ్మ, చెల్లి, నేను. ఆ వరసలో ఇంకెంతమందో. ఇంతమందిని మింగింది పదకొండు రోజుల పని. నేను పుట్టకముందే ఎవడో ఒకడు ఆ పదకొండు రోజులూ పెట్టుంటే..."

అక్కడ ఆగింది. మాట దొరక్క కాదు, ఊపిరి చాలక. నేను వీపు రాయబోతే చెయ్యి తోసేసింది. ఊపిరి అందాక ఆ మాట పూర్తి చెయ్యలేదు, లేచి చీర దులుపుకుంది.

"ఆ లాండ్రీవాళ్లకే ఊళ్లో ఇంకో రెండు వరసల గదులున్నాయట" అంది. "రేపు వాళ్లకి సెలవు. పెందలాడే వచ్చెయ్."